ఆఫీసు ఫోన్లకి వాయిస్ మెయిల్ పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త ఎక్స్‌టెన్షన్ | సోమవారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో 14 మందిమి ఉంటాం. ఫోన్ల సంగతి చూసే అతను పోయిన నెల ఉద్యోగం మానేశాడు, ఆ పని ఇప్పుడు నాకు అప్పజెప్పారు. సర్వర్లు, నెట్‌వర్క్ కొంతవరకు తెలుసు కానీ టెలిఫోన్ నాకు పూర్తిగా కొత్త.

ఉన్నవి ఇవి: ఒక ఫ్రీపీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్, దాని లోపలి కార్డుకి వచ్చే 4 మామూలు రాగి తీగ లైన్లు, నెట్‌వర్క్ మీద నడిచే 14 ఐపీ ఫోన్లు. అంతా బాగానే పనిచేస్తోంది, వాయిస్ మెయిల్ మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యలేదు. ఎవరూ ఎత్తకపోతే ఫోన్ అలా మోగుతూనే ఉంటుంది. ఒక పాత కస్టమర్ మూడు రోజులు వరసగా సాయంత్రాలు చేశారట, మేమంతా వెళ్లిపోయిన తర్వాత. చివరికి ఆయనే ఆఫీసుకి వచ్చి "మీరు మూసేశారేమో అనుకున్నాను" అన్నారు. ఆ మాట విని చాలా బాధేసింది. అందుకే ఈ పని సరిగ్గా చెయ్యాలని పట్టుదలగా ఉంది.

అందరికీ విడివిడిగా మెయిల్‌బాక్స్ ఇవ్వాలా, ఒకటే పెడితే చాలా? ఎన్ని రింగుల తర్వాత వాయిస్ మెయిల్‌కి వెళ్లాలి? మెసేజ్‌లు ఈమెయిల్‌కి పంపిస్తే ఫోన్‌లో వినే పని ఉండదు కదా?

తీగల మనిషి | సోమవారం, ఉదయం 11:05

సర్వర్‌లో ఏదీ ముట్టుకోకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, బయటి నుంచి ఒక కాల్ వస్తే అది ఎటెటు పోతుందో గీతలు గీయండి. మెయిన్ నంబర్‌కి వస్తే ముందు ఎవరి ఫోన్ మోగాలి, వాళ్లు ఎత్తకపోతే ఎవరిది, అప్పటికీ ఎత్తకపోతే ఏ బాక్సు, ఆ బాక్సు వినేది ఎవరు. ఈ చివరి గడిలో మనిషి పేరు రాయకుండా నేను ఎక్కడా వాయిస్ మెయిల్ ఆన్ చెయ్యను. పేరు లేని బాక్సు పెడితే ఫోన్ చేసినవాళ్లు "చెప్పేశాం కదా, చూసుకుంటారు" అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. అసలు లేకపోతే కనీసం మళ్లీ ప్రయత్నిస్తారు.

14 మందికీ బాక్సులు అక్కర్లేదనుకుంటాను. బయటివాళ్లతో నేరుగా మాట్లాడేవాళ్లకి సొంత బాక్సు ఇవ్వండి, మిగతా అందరి బదులు ఒక ఉమ్మడి బాక్సు.

రింగుల లెక్క వదిలేసి సెకన్లలో ఆలోచించండి, ఎందుకంటే సర్వర్ సెట్టింగ్ కూడా సెకన్లలోనే ఉంటుంది. అమెరికా తరహాలో 2 సెకన్లు మోగి 4 సెకన్లు ఆగుతుంది, అంటే నాలుగు రింగులకి 24 సెకన్లు. బ్రిటన్ తరహాలో జంటగా మోగే చోట ఒక చుట్టు 3 సెకన్లే, నాలుగు చుట్లకి 12. "నాలుగు రింగులు" అని ఎవరైనా సలహా ఇస్తే అది రెండు చోట్ల రెండు రకాలు. ఇంకో సంగతి, మీవి రాగి లైన్లు కాబట్టి కాలర్ ఐడీ అందుకోవడానికి కార్డు ఒకటి రెండు రింగులు ఆగుతుంది. మీ సర్వర్ సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికి అవతలివాళ్లు అప్పటికే కాసేపు విని ఉంటారు. ముందు ఫోన్‌కి 15, తర్వాత గ్రూప్‌కి (కలిపి మోగించే కొన్ని ఫోన్లకి) 12 ఇచ్చి బయటి ఫోన్ నుంచి మీరే చేసి చూడండి. మీకు విసుగొస్తే వాళ్లకీ వస్తుంది, తగ్గించండి.

డయల్‌ప్లాన్ | సోమవారం, ఉదయం 11:40

అన్న చెప్పినదంతా కరెక్ట్. నేను నొక్కాల్సిన బటన్లు చెప్తాను.

ఎక్స్‌టెన్షన్ (ఒక్కో ఫోన్‌కి ఉండే లోపలి నంబర్) పేజీలో వాయిస్ మెయిల్ ట్యాబ్ ఉంటుంది, అక్కడ ఎనేబుల్ చేసి పిన్, ఈమెయిల్ అడ్రస్ ఇవ్వాలి. ఉమ్మడి బాక్సుకి ఫోన్ లేని వర్చువల్ ఎక్స్‌టెన్షన్ ఒకటి తయారుచెయ్యండి, ఉదాహరణకి 500. రింగ్ గ్రూప్‌లో ఎవరూ ఎత్తకపోతే ఎక్కడికి వెళ్లాలి అన్నచోట ఆ 500 వాయిస్ మెయిల్‌ని చూపించండి. సాయంత్రాలు, సెలవుల కోసం టైమ్ కండిషన్స్ వాడండి. ఆఫీసు మూసిన వేళ ఫోన్లు మోగించకుండా నేరుగా బాక్సుకి పంపొచ్చు.

వినడానికి సొంత ఫోన్ నుంచి స్టార్ 97, వేరే బాక్సు అయితే స్టార్ 98 కొట్టి బాక్సు నంబర్, పిన్. లోపల 1 కొడితే మెసేజ్ వినిపిస్తుంది, 7 తీసేస్తుంది, 9 వేరే ఫోల్డర్‌లో దాచుతుంది. 0 కొడితే గ్రీటింగ్ రికార్డింగులు: 1 అందుబాటులో లేనప్పటిది, 2 లైన్ బిజీగా ఉన్నప్పటిది, 3 మీ పేరు, 4 తాత్కాలిక గ్రీటింగ్, 5 పిన్ మార్పు. ఫ్రీపీబీఎక్స్ కింద నడిచేది ఆస్టరిస్కే (మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ఎక్స్ఛేంజ్), కాబట్టి ఎక్కడైనా ఆస్టరిస్క్ వాయిస్ మెయిల్ గురించి చదివినది మీకు దాదాపు అలాగే వర్తిస్తుంది.

సైజు లెక్క కూడా తెలిసి ఉండాలి. మామూలు వేవ్ ఫైల్ సెకనుకి 8,000 శాంపిల్స్, ఒక్కోటి 2 బైట్లు, అంటే నిమిషానికి 9,60,000 బైట్లు. దాదాపు 1 ఎంబీ అనుకోండి. జీఎస్ఎమ్ అనే కుదించిన రూపంలో అదే నిమిషం 100 కేబీకి కాస్త లోపలే వస్తుంది, కానీ గొంతు కొంచెం బొంగురుగా ఉంటుంది. డిస్కు మీద వేవ్ ఉంచుకోండి, ఈమెయిల్‌కి చిన్నది పంపండి. ఏ రూపం ముందు రాస్తే అది మెయిల్‌లో వెళ్తుంది.

ముందు గది | సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను 11 ఏళ్లుగా రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. సర్వర్ గురించి చెప్పలేను, గ్రీటింగ్ గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే దాన్ని చాలామంది చివరి నిమిషంలో ఏదో ఒకటి వాగేసి వదిలేస్తారు.

దయచేసి "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అనకండి. ఫోన్ ఎత్తని చోట ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఆఫీసు పేరు, ఏ వేళల్లో ఉంటామో, మెసేజ్ వింటే ఎప్పటిలోగా తిరిగి చేస్తామో చెప్పండి చాలు. "మీ పేరు, ఫోన్ నంబరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి" అని తప్పకుండా అడగండి. అందరూ విషయమంతా తీరిగ్గా చెప్పి నంబర్ దగ్గరకొచ్చేసరికి గబగబా అనేస్తారు, దాన్ని నేను ఆరేడుసార్లు వెనక్కి తిప్పి వినాల్సి వస్తుంది. 15 సెకన్లు దాటనివ్వద్దు.

కాగితం మీద రాసుకుని, తలుపు వేసుకుని, హ్యాండ్‌సెట్ ఎత్తి రికార్డ్ చెయ్యండి, స్పీకర్ ఫోన్‌లో వద్దు. నిలబడి మాట్లాడితే గొంతు బాగా పలుకుతుంది. "రేపు తిరిగి చేస్తాం" అని చెప్పేట్టయితే మాత్రం, రేపు చేసే మనిషి ఉన్నారో లేదో ముందే తేల్చుకోండి.

కొత్త ఎక్స్‌టెన్షన్ | గురువారం, సాయంత్రం 5:30

మీరందరూ ఇంత ఓపిగ్గా రాశారు, చాలా థాంక్స్ అండీ. కాగితం మీద గీశాను, చివరి గడిలో ఉదయం ఒకరి పేరు, మధ్యాహ్నం ఒకరి పేరు రాశాం. 500 బాక్సు, ఐదుగురికి సొంత బాక్సులు. గ్రీటింగ్ మా రిసెప్షన్ అమ్మాయి చేత చెప్పించాం, 13 సెకన్లు వచ్చింది.

కానీ ఒక సమస్య. రెండు రాత్రుల్లో 9 మెసేజ్‌లు వచ్చాయి, వాటిలో ఆరు ఖాళీ. ఖాళీ అంటే నిశ్శబ్దం కాదు, "టూ... టూ... టూ..." అని మూడేసి నిమిషాలు. పైగా ఆ సేపంతా లైన్ బిజీగా ఉండిపోయినట్టుంది. ఇది కార్డు పాడవడమా?

తీగల మనిషి | గురువారం, రాత్రి 8:10

కార్డు బాగానే ఉంది. రాగి లైన్‌లో ఎప్పటినుంచో ఉన్న చిక్కు ఇది, నేను మొట్టమొదట చేసిన వాయిస్ మెయిల్ పనిలో కూడా ఇదే ఎదురైంది.

ఐపీ కాల్‌లో అవతలివాళ్లు పెట్టేస్తే "పెట్టేశారు" అని స్పష్టమైన సందేశం వస్తుంది. రాగి లైన్‌లో అలాంటిది ఉండాలని లేదు. కొన్ని ఎక్స్ఛేంజ్‌లు తీగల ధ్రువాలు తారుమారు చేస్తాయి, కొన్ని క్షణకాలం కరెంటు ఆపుతాయి, కొన్ని ఏమీ చెయ్యకుండా బిజీ టోన్ మాత్రం వినిపిస్తాయి. మనిషి అయితే టోన్ వినగానే ఫోన్ పెట్టేస్తాడు. వాయిస్ మెయిల్ దాన్ని కూడా మాటే అనుకుని, గరిష్ట సమయం అయ్యేదాకా రికార్డ్ చేస్తూ పోతుంది. గ్రీటింగ్ వినగానే పెట్టేసినవాళ్లవే మీ ఆరు మెసేజ్‌లు.

ముందు మీ లైన్ ఇచ్చేవాళ్లని అడగండి, కాల్ ముగిసినప్పుడు పోలారిటీ రివర్సల్ (ఆ ధ్రువాల తారుమారు) ఇస్తారా అని. ఇస్తే అంత మేలైనది లేదు, కార్డు సెట్టింగుల్లో "పోలారిటీ మారితే హ్యాంగప్" ఆన్ చెయ్యడమే. ఇవ్వకపోతే బిజీ టోన్‌ని గుర్తుపట్టే బిజీ డిటెక్ట్ ఆన్ చెయ్యాలి. ఎన్ని టోన్లు విన్నాక పెట్టెయ్యాలి అన్నది బిజీ కౌంట్. చిన్న అంకె పెడితే మామూలు మాటనే టోన్ అనుకుని మధ్యలో కోసేసే ప్రమాదం ఉంది, 6 లేదా 8 పెట్టడం క్షేమం. ఆ టోన్ ఎన్ని మిల్లీసెకన్లు మోగి ఎన్ని ఆగుతుందో కూడా చెప్పగలిగితే ఇంకా నమ్మకంగా పట్టుకుంటుంది. కొలవడం తేలిక, మీ ఖాళీ మెసేజ్ ఒకదాన్ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిస్తే టోన్లు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి.

డయల్‌ప్లాన్ | గురువారం, రాత్రి 8:45

దీనికి తోడు కనీస నిడివి 3 సెకన్లు పెట్టండి, బీప్ వినగానే పెట్టేసినవి వాటంతట అవే పోతాయి. నిశ్శబ్దం ఎన్ని సెకన్లుంటే ఆపెయ్యాలి అన్న సెట్టింగ్ మాత్రం 10 కంటే తగ్గించొద్దు, కాగితంలో నంబర్ వెతుక్కుంటూ ఆగేవాళ్లుంటారు.

లాగ్‌ఫైల్ | శుక్రవారం, ఉదయం 9:00

అందరూ రికార్డింగ్ గురించే మాట్లాడుతున్నారు, పిన్‌ల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. ఆ ఐదుగురి పిన్‌లు ఏం పెట్టారు? ఎక్స్‌టెన్షన్ నంబరే పిన్‌గా పెట్టి ఉంటే ఈ రోజే మార్చండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ద వరల్డ్ పత్రిక వ్యవహారం గుర్తుందా, 2007లో ఆ పత్రిక విలేఖరి ఒకరు, ఒక ప్రైవేట్ డిటెక్టివ్ జైలుకి వెళ్లారు, 2011 జూలైలో పత్రికే మూతపడింది. దాన్ని ఫోన్ హ్యాకింగ్ అన్నారు గానీ అక్కడ జరిగింది ప్రధానంగా ఇతరుల వాయిస్ మెయిల్ వినడం. ఎవరూ మార్చని డిఫాల్ట్ పిన్‌లు వాళ్లకి పెద్ద ఆసరా అయ్యాయి.

ఆఫీసు సిస్టమ్‌లో ఇంకో ప్రమాదం ఉంది. మెయిల్‌బాక్సులోకి వెళ్లాక అక్కడి నుంచి బయటికి కాల్ చేసుకునే సౌకర్యం, మెసేజ్ పెట్టినవాళ్లకి అక్కడినుంచే తిరిగి కాల్ చేసే సౌకర్యం ఉంటాయి. పిన్ ఊహించిన దొంగ ఆ దారిన రాత్రంతా అంతర్జాతీయ నంబర్లకి కాల్స్ చేస్తాడు, బిల్లు మీకొస్తుంది. నిజంగా అవసరమైతే తప్ప ఆ రెండూ ఆఫ్‌లో ఉంచండి. పిన్ 6 అంకెలు, వరస అంకెలు వద్దు, మూడుసార్లు తప్పు కొడితే లైన్ తెగిపోవాలి. బయటి నుంచి మెసేజ్‌లు వినే దారి అందరికీ తెరవకండి, అడిగిన ఒకరిద్దరికి ఇస్తే చాలు.

కొత్త ఎక్స్‌టెన్షన్ | శుక్రవారం, ఉదయం 9:25

అయ్యో, ఎక్స్‌టెన్షన్ నంబర్లే పెట్టాను. ఇప్పుడే మారుస్తున్నా.

పాత హ్యాండ్‌సెట్ | శుక్రవారం, మధ్యాహ్నం 12:50

మొదటి పోస్ట్‌లో ఈమెయిల్ గురించి అడిగారు, దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. నాకు జరిగింది చెప్తాను.

నేను పనిచేసిన ఒక చిన్న ఆఫీసులో మెసేజ్ ఈమెయిల్‌కి పంపగానే సర్వర్‌లో తీసేసే సెట్టింగ్ ఆన్ చేశాను. శుభ్రంగా ఉంటుంది, బాక్సు నిండదు అని. రెండు వారాలు అద్భుతంగా నడిచింది. తర్వాత ఏదో మార్పు జరిగి మా సర్వర్ పంపే మెయిల్స్ అన్నీ స్పామ్ ఫోల్డర్‌లోకి పోవడం మొదలైంది. ఎవరూ గమనించలేదు. మెసేజ్‌లు రావట్లేదంటే కాల్స్ తగ్గాయనుకున్నాం. స్పామ్ ఫోల్డర్ 30 రోజులకి తనంతట తానే ఖాళీ అయ్యేది. ఒకావిడ తన అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడని, డెలివరీ వాయిదా వెయ్యమని మెసేజ్ పెట్టారు. మేము వినలేదు, సామాను తీసుకుని మా మనుషులు ఆ ఇంటికి వెళ్లి తలుపు కొట్టారు. ఆవిడ తర్వాత ఫోన్ చేసి ఒక్క మాట కూడా కోపంగా అనలేదు, "నేను చెప్పాను కదండీ" అన్నారంతే. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈమెయిల్ కాపీ పంపండి, మంచిదే. పంపాక తీసెయ్యి అనే సెట్టింగ్ మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు.

కొత్త ఎక్స్‌టెన్షన్ | శుక్రవారం, మధ్యాహ్నం 1:30

ఇది చదివి పరిగెత్తుకుంటూ వెళ్లి చూశాను. మావి కూడా ఐదుగురిలో ముగ్గురికి స్పామ్‌లోనే ఉన్నాయి! తీసేసే సెట్టింగ్ నేను ఆన్ చెయ్యలేదు కాబట్టి సర్వర్‌లో అన్నీ ఉన్నాయి. మీరు చెప్పకపోతే రేపో ఎల్లుండో అది కూడా చేసేవాణ్ని. మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

లాగ్‌ఫైల్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:05

స్పామ్‌లోకి పోవడానికి కారణం సాధారణంగా ఇదే: ఫోన్ సర్వర్ తానే నేరుగా మెయిల్ పంపుతుంది, పంపినవారి అడ్రస్‌లో లోకల్‌హోస్ట్ లాంటి పేరు ఉంటుంది. అవతలి మెయిల్ సర్వర్‌కి అది దొంగ మెయిల్‌లాగే కనిపిస్తుంది. మీ ఆఫీసు మెయిల్ సర్వీసులో వాయిస్ మెయిల్ కోసం ఒక ఖాతా తెరిచి, ఫోన్ సర్వర్‌లోని పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే ప్రోగ్రామ్) ఆ ఖాతాతో లాగిన్ అయి దాని ద్వారానే పంపేట్టు పెట్టండి. పంపినవారి అడ్రస్ కూడా ఆ ఖాతాదే ఉండాలి. అప్పుడు మీ డొమైన్‌కి ఉన్న ఎస్పీఎఫ్ రికార్డు (ఏ సర్వర్లు మీ పేరుతో మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) దీనికీ సరిపోతుంది. ఆ తర్వాత ప్రతి సోమవారం ఉదయం ఒక టెస్ట్ మెసేజ్ పెట్టి ఐదుగురికీ చేరిందో లేదో చూడండి.

కొత్త ఎక్స్‌టెన్షన్ | మంగళవారం, ఉదయం 10:15

మెయిల్స్ ఇప్పుడు సరిగ్గా చేరుతున్నాయి. బిజీ టోన్ కూడా పట్టుకుంటోంది, బిజీ కౌంట్ 6 పెట్టాను, ఖాళీ మెసేజ్‌లు ఆగిపోయాయి. ఇంకో రెండు ప్రశ్నలు. ఈమెయిల్‌లో వినేసినా ఫోన్ మీద ఎర్ర లైటు ఆరడం లేదు. ముందు డెస్క్ ఫోన్‌లో 500 బాక్సుకి లైటు అసలు వెలగడం లేదు.

డయల్‌ప్లాన్ | మంగళవారం, ఉదయం 10:50

మొదటిది తప్పు కాదు. మెయిల్‌కి వెళ్లింది కాపీ, దాన్ని విన్నారని సర్వర్‌కి తెలియదు. స్టార్ 97 కొట్టి విన్నప్పుడే అది కొత్తవాటిలోంచి పాతవాటిలోకి మారుతుంది, లైటు ఆరుతుంది.

రెండోది, ఆ లైటు వెలగమని ఫోన్‌కి చెప్పేది సిప్‌లో (ఐపీ ఫోన్లు, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) నోటిఫై అనే సందేశం, ఆర్‌ఎఫ్‌సీ 3842 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉంది. ఆ ఫోన్ ఏ బాక్సుకి ముడిపడి ఉందో దాని లెక్కే పంపుతుంది. ముందు డెస్క్ ఎక్స్‌టెన్షన్ సెట్టింగుల్లో మెయిల్‌బాక్స్ అన్నచోట దాని సొంత నంబర్ ఉంటుంది, అక్కడ 500 ఇవ్వండి, ఫోన్ రీస్టార్ట్ చెయ్యండి.

ముందు గది | మంగళవారం, ఉదయం 11:30

ఉమ్మడి బాక్సుకి లైటే దిక్కు అనుకోండి, ఎవరికీ సొంతం కానిది కదా. ఒకళ్లు విని, తిరిగి ఫోన్ చెయ్యకుండా వెళ్లిపోతే లైటు ఆరిపోయి ఉంటుంది, రెండోవాళ్లకి అసలు మెసేజ్ వచ్చిందనే తెలియదు. మేమైతే విన్నవెంటనే నోట్‌బుక్‌లో పేరు, నంబర్, టైమ్ రాస్తాం, తిరిగి చేశాక పక్కన టిక్ పెట్టి ఎవరు చేశారో రాస్తాం. టిక్ పడ్డాకే మెసేజ్ తీసేస్తాం. ఎన్ని సాఫ్ట్‌వేర్లు మారినా ఆ నోట్‌బుక్ మాత్రం మారలేదు.

తీగల మనిషి | మంగళవారం, మధ్యాహ్నం 12:10

మేడమ్ గారి నోట్‌బుక్ మాట మీద ఇంకొకటి. తీసెయ్యకుండా దాచుకుంటూ పోతే ఫోల్డర్‌కి 100 మెసేజ్‌ల హద్దు ఉంటుంది, మార్చకపోతే. నిండితే ఫోన్ చేసినవాళ్లకి బాక్సు నిండిందని చెప్పి పెట్టేస్తుంది. నెలకోసారి పాతవి వేరే చోటికి కాపీ చేసి ఖాళీ చెయ్యండి.

సెల్‌ఫోన్లకి కూడా మోగేట్టు పెడదామని ఎవరైనా అడుగుతారు చూడండి. అప్పుడు "1 నొక్కితేనే కాల్ తీసుకున్నట్టు" అనే కన్ఫర్మ్ కాల్స్ ఆన్ చెయ్యడం మరవకండి. లేకపోతే ఆ సెల్‌ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే దాని సొంత వాయిస్ మెయిలే ఫోన్ ఎత్తేస్తుంది, మీ సర్వర్ మనిషి ఎత్తాడనుకుంటుంది, ఆఫీసు మెసేజ్ ఎవరిదో సొంత ఫోన్‌లోకి పోతుంది.

కొత్త ఎక్స్‌టెన్షన్ | బుధవారం, ఉదయం 9:40

నిన్న రాత్రి ఆ పాత కస్టమర్ గారే మెసేజ్ పెట్టారు. పేరు, నంబర్ రెండుసార్లు నెమ్మదిగా చెప్పారు. ఈ ఉదయం 9:10కి మావాళ్లు తిరిగి చేశారు, నోట్‌బుక్‌లో మొదటి టిక్ అదే.

ఒకటే మిగిలింది. ఆయన రాత్రి 7:40కి చేశానంటున్నారు, సిస్టమ్ మధ్యాహ్నం 2:10 అని చదువుతోంది.

డయల్‌ప్లాన్ | బుధవారం, ఉదయం 9:55

టైమ్ జోన్. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. సర్వర్ టైమ్ జోన్ ఒకసారి, వాయిస్ మెయిల్ సెట్టింగుల్లో జోన్ ఇంకోసారి, రెండు చోట్లా మార్చాలి. తర్వాత ఆస్టరిస్క్ రీస్టార్ట్ చెయ్యండి. ఆ టైమ్ కండిషన్స్ కూడా మళ్లీ చూసుకోండి, అవి నడిచేదీ ఆ గడియారం మీదే.

కొత్త ఎక్స్‌టెన్షన్ | బుధవారం, ఉదయం 10:30

మార్చాను, ఇప్పుడు టైమ్ సరిగ్గా చదువుతోంది. సాయంత్రం 6 దాటాక బయటి నుంచి చేసి టైమ్ కండిషన్ కూడా చూసి రాస్తాను.